సమతాస్థితిలో 'సమ' ఎక్కడుంది? ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు రసాయన సమతాస్థితి పాఠం మొదలుపెట్టే ముందు ఏటా ఒకే ప్రశ్న అడుగుతాను. "చర్య సమతాస్థితికి చేరింది అంటే ఏమిటి?" వచ్చేవి రెండే జవాబులు. చర్య ఆగిపోయింది అని కొందరు, రెండు వైపులా పదార్థాలు సమానమయ్యాయి అని కొందరు. రెండూ తప్పే. ఈసారి సగానికి పైగా చేతులు రెండో జవాబుకు లేచాయి.

పిల్లలను తప్పుపట్టలేను. మాటలోనే 'సమ' కూర్చుని ఉంది. పైగా మనం బోర్డు మీద తక్కెడ బొమ్మ గీస్తాం. సంతలో తక్కెడ చూసి పెరిగిన వాళ్లకు ముల్లు మధ్యకు వచ్చిందంటే బేరం తెగినట్టే. అక్కడ ఇక జరిగేది ఏమీ లేదు.

అందుకే ఈ ఏడు పాఠం చెప్పకముందే ఒక పెట్టె సిద్ధం చేయాలనుకున్నాను. అందులో ఉన్న ప్రతి వస్తువూ ఆ 'సమ'ను ఒక్కో వైపు నుంచి నిలదీయాలి. ఖర్చు నా జేబులోంచే కాబట్టి రెండు వేలు దాటకూడదు. సాయానికి ఇద్దరిని పిలిచాను: మొదటి బెంచీలో కూర్చుని ప్రతిదానికీ 'ఎందుకు సార్' అనే అమ్మాయి, చివరి బెంచీలో కూర్చుని దేన్నీ ఒక పట్టాన నమ్మని అబ్బాయి. మూడో మనిషి మా ల్యాబ్ అటెండర్. ఆయనను పిలవనక్కర్లేదు, ఆయనే వస్తారు.

రెండో రోజు

మైలుతుత్తంతో మొదలుపెట్టాం. నీలి పలుకులను నూరి, పింగాణీ గిన్నెలో వేసి సన్నని సెగ మీద పెట్టాం. ఆవిరి పోయే కొద్దీ నీలం వెలిసి, చివరికి విభూతిలాంటి పొడి మిగిలింది. మంట పెంచకూడదు, పెంచితే నల్లబడుతుంది. చల్లారాక నాలుగు చుక్కల నీళ్లు వేశాం. పడ్డచోటల్లా నీలం తిరిగొచ్చింది. అబ్బాయి గిన్నె అడుగున వేలు పెట్టి చూసి, "మంట లేకుండానే వేడెక్కింది సార్" అన్నాడు. పోయేటప్పుడు వేడిని తీసుకున్న చర్య, వచ్చేటప్పుడు ఆ వేడిని ఇచ్చేస్తుంది.

ఇది ద్విగత చర్య. అటూ జరుగుతుంది, ఇటూ జరుగుతుంది. అయితే మేము చూసింది సమతాస్థితి కాదు. గిన్నెకు మూత లేదు, ఆవిరి గదిలోకి వెళ్లిపోయింది. తిరిగి రావలసిన వాడు ఊరు వదిలి వెళ్లిపోతే రాకపోకలు ఎక్కడివి?

మాది పల్నాడు కాబట్టి దీనికి ఉదాహరణ వెతుక్కోనవసరం లేదు. పిడుగురాళ్ల దారిలో సున్నపు బట్టీలు చూడని పిల్లలు తరగతిలో లేరు. సున్నపురాయి కాలితే సున్నం, బొగ్గుపులుసు వాయువు వస్తాయి. మలినం లేని రాయి 100 కిలోలు పూర్తిగా కాలితే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు గాలిలో కలుస్తుంది. బట్టీ పైకప్పు తెరిచే ఉంటుంది కాబట్టి వాయువు వెనక్కి వచ్చే అవకాశం లేదు, రాయి మొత్తం సున్నమైపోతుంది. అదే రాయిని గట్టిగా మూసిన పాత్రలో పెట్టి కాలిస్తే కొంత దూరం వెళ్లి నిలుస్తుంది. ఆ వేడికి తగిన పీడనం వాయువుకు వచ్చిందంటే, ఎంత రాయి విడిపోతోందో అంత సున్నం వాయువును తిరిగి పట్టుకుంటుంది. 900 డిగ్రీల దగ్గర ఆ పీడనం ఇంచుమించు ఒక అట్మాస్ఫియర్. ఇక ఆ సున్నాన్ని తడిపి గోడకు వెల్ల వేస్తే, అది గాలిలోని వాయువును నెమ్మదిగా పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. బట్టీలో ఒక దిక్కు, గోడ మీద ఇంకో దిక్కు.

"ఏ దిక్కున పోవాలో చర్యకు ఎవరు చెబుతారు సార్?" అంది అమ్మాయి.

ఇదే అనుమానం ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తొలేకు 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లినప్పుడు వచ్చింది. ప్రయోగశాలలో వాషింగ్ సోడా ద్రావణంలో కాల్షియం క్లోరైడు పోస్తే తెల్లని అవక్షేపం పడుతుంది, ద్రావణంలో ఉప్పు మిగులుతుంది. ఇది ఒకవైపే జరిగే చర్య అని అందరూ అనుకునేవారు. అక్కడ నాట్రాన్ సరస్సుల గట్ల మీద ఆయనకు కనిపించింది దీనికి సరిగ్గా తలకిందులు: సున్నపురాయి, ఉప్పు కలిసి సోడా పేరుకుని ఉంది. ఉప్పు, రాయి అక్కడ అంతులేనంత ఉన్నాయి. చర్య దిక్కును నిర్ణయించడంలో పదార్థాల స్వభావంతో పాటు వాటి పరిమాణానికీ చేయి ఉందని ఆయన గ్రహించాడు. ల్యాబ్‌లో ఆ తెల్లని అవక్షేపం చేసి చూపించాను. సరస్సు మాత్రం నోటితోనే చెప్పుకోవలసి వచ్చింది.

మూడో రోజు

ఈ రోజు జరిగింది వివరంగా రాసుకోవాలి. పెట్టెకు ప్రాణం ఇదే.

ఇంట్లో అటక మీద వామనగుంటల పీట ఉంది. మా అమ్మది. దాన్ని దించి, రెండు పెద్ద గుంటలను మాత్రమే వాడాం. 96 చింతగింజలు లెక్కపెట్టి అన్నీ ఎడమ గుంటలో పోశాం. నియమాలు రెండే. ప్రతి విడతలో ఎడమ గుంటలో ఉన్నవాటిలో సగం కుడికి పోవాలి. అదే సమయంలో కుడి గుంటలో ఉన్నవాటిలో పావు వంతు ఎడమకు రావాలి. సరిగ్గా తెగకపోతే దగ్గరి పూర్ణసంఖ్య, అర దగ్గర పైకి. అమ్మాయి చేయి ఎడమ గుంట మీద, అబ్బాయి చేయి కుడి గుంట మీద.

మొదటి విడత: ఎడమ నుంచి 48 వెళ్లాయి, కుడి గుంట ఖాళీ కాబట్టి అక్కడి నుంచి ఏమీ రాలేదు. ఇటు 48, అటు 48.

"అయిపోయింది సార్! సమానమయ్యాయి. సమతాస్థితి" అన్నాడు అబ్బాయి, చేతులు దులుపుకుంటూ.

ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాను. "నియమం ప్రకారం ఇంకో విడత ఆడు" అన్నాను. ఎడమ నుంచి 24 పోవాలి, కుడి నుంచి 12 రావాలి. ఆడాక చూస్తే 36, 60. అబ్బాయి మొహం చూడాలి! సమానంగా ఉన్నవి నిలబడలేదు, ఎందుకంటే పోయేవి, వచ్చేవి సమానం కావు. మూడో విడతలో 18 వెళ్లి 15 వచ్చాయి: 33, 63. నాలుగో విడతలో 17 వెళ్లి 16 వచ్చాయి: 32, 64. ఐదో విడతలో 16 వెళ్లాయి, 16 వచ్చాయి. ఆరులోనూ అంతే. ఇద్దరూ మరో మూడు విడతలు ఆడి విసిగిపోయారు. చేతులు ఆగలేదు, అంకెలు మాత్రం కదలలేదు.

'సమ' ఉన్నది గింజల్లో కాదు, ఆ రెండు పదహార్లలో ఉంది. దీన్నే పురోగామి చర్య రేటు, తిరోగామి చర్య రేటు సమానం కావడం అంటాం.

తర్వాత 96 గింజలనూ కుడి గుంటలో పోసి మొదలుపెట్టాం. 24, 72. తర్వాత 30, 66. మూడో విడతకే 32, 64. ఏ ఒడ్డున దిగినా చేరింది అదే చోటుకు. కుడి గుంటను ఎడమ గుంటతో భాగిస్తే 2. సగాన్ని పావుతో భాగించినా 2. ఈ రెండు లెక్కలూ ఒకటి కావడం కాకతాళీయం కాదని అమ్మాయి తనంతట తానే పట్టుకుంది. సమతాస్థితి స్థిరాంకం అంటే ముందుకు పోయే రేటు స్థిరాంకాన్ని (మా ఆటలో సగం) వెనక్కి వచ్చే దానితో (మా ఆటలో పావు) భాగిస్తే వచ్చేదే. గుంటలో ఎన్ని ఉంటే రాకపోకలు అంత జోరుగా ఉంటాయన్నది నార్వేకు చెందిన గుల్డ్‌బెర్గ్, వాగె 1864లో ప్రకటించిన ద్రవ్యరాశి క్రియా నియమం. వాళ్లిద్దరూ బావామరుదులని చెబితే తరగతిలో ఎవరూ ఆ పేర్లు మరిచిపోరు. ఇది నా అనుభవం.

ఇక అసలు పరీక్ష. 32, 64 దగ్గర ఉండగా ఎడమ గుంటలో మరో 48 గింజలు పోశాను. 80, 64. "ఇప్పుడు ఏమవుతుంది?" ఆడారు. 56, 88. 50, 94. 49, 95. 48, 96. అక్కడ నిలిచింది. భాగిస్తే మళ్లీ 2.

సమతాస్థితిని కదిలిస్తే అది ఎటు మొగ్గుతుందో చెప్పేది లీ షాట్లియర్ సూత్రం. ఇక్కడే దాని మీద చాలామందికి ఉండే భ్రమ కూడా వదిలింది. 'కలిగించిన మార్పును వ్యవస్థ రద్దు చేసుకుంటుంది' అని పిల్లలు బట్టీ పడతారు. రద్దు చేయలేదు. 80 అయిన ఎడమ గుంట పాత 32కు రాలేదు, 48 దగ్గర ఆగింది. దెబ్బను తగ్గించుకుంది, అంతే.

చీకటి పడే దాకా కూర్చుని ఉత్ప్రేరకాన్ని కూడా ఆడి చూశాం. సగం, పావులకు బదులు పావు, అరపావు పెట్టి, మళ్లీ 96 గింజలనూ ఎడమ గుంటలో పోసి మొదలుపెట్టాం. అది ఉత్ప్రేరకం లేని చర్య అనుకోవాలి. సమానంగా 48, 48 కనబడింది మూడో విడతకు, అక్కడా నిలవలేదు. ఎనిమిదో విడతకు 33, 63కు వచ్చి మొరాయించింది. గింజను ముక్కలు చేయలేం కాబట్టి అది మా లెక్క లోపం. చర్య లోపం కాదు. సగం, పావులతో నాలుగు విడతల్లో చేరిన చోటికే ఎనిమిది పట్టింది. రెండు చేతులనూ ఒకే పాళ్లలో వేగిరపరిచేదే ఉత్ప్రేరకం. దారి తొందరగా తరుగుతుంది, ఊరు మారదు.

ఐదో రోజు

ఫెర్రిక్ క్లోరైడు, పొటాషియం థయోసయనేట్. ఒకటి లేత పసుపు, ఇంకోటి రంగులేనిది; కలిస్తే నెత్తుటి ఎరుపు. ఏటా చేసే ప్రయోగమే కదా అని ధీమాగా వెళ్లి భంగపడ్డాను.

బీరువాలోని ఫెర్రిక్ క్లోరైడు ద్రావణం బురదనీళ్లలా ఉంది. నీళ్లతో చర్య జరిపి తుప్పు రంగు మడ్డి కట్టింది. కొత్తగా కలిపి, నాలుగు చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేశాక తేటపడింది. ఇది కూడా సమతాస్థితి ఆటే. ఆమ్లం పోస్తే ఆ చర్య వెనక్కి తగ్గుతుంది. రెండో పొరపాటు పూర్తిగా నాది. థయోసయనేట్ చిక్కగా కలిపాను. పరీక్షనాళికలన్నీ నల్లటి ఎరుపుతో నిండాయి. ఏది ముదిరిందో ఏది వెలిసిందో దేవుడికే తెలియాలి. ఈ రోజు పని ఇంతే.

ఆరో రోజు

థయోసయనేట్‌ను 0.002 మోలార్‌కు తగ్గించాం. ఇప్పుడు నారింజ పండు తొక్క రంగు వచ్చింది. దాన్ని ఐదు పరీక్షనాళికల్లో సమానంగా పంచాం. మొదటిదాన్ని ముట్టుకోలేదు, పోల్చడానికి ఉంచాం. రెండో దానిలో ఫెర్రిక్ క్లోరైడు చుక్క వేస్తే ఎరుపు ముదిరింది. మూడో దానిలో థయోసయనేట్ చుక్క వేసినా ముదిరింది. నాలుగో దానిలో ఆక్సాలిక్ ఆమ్లం వేస్తే అది ఇనుమును తన వైపు లాక్కుంది, ఎరుపు వెలిసి పసుపు మిగిలింది. ఐదో దాన్ని వేడినీళ్లలో ముంచితే రంగు పలచబడింది. కొన్ని పుస్తకాల్లో ఆక్సాలిక్ ఆమ్లంతో పాటు మెర్క్యూరిక్ క్లోరైడు కూడా ఉంటుంది. పాదరసపు లవణాన్ని పిల్లల చేతికి నేను ఇవ్వను.

రెండు, మూడు నాళికలను పక్కపక్కన పెట్టి, "ఇవి రెండూ కలిపి ఏం చెబుతున్నాయి?" అని అడిగాను. చాలాసేపటికి అమ్మాయి అంది: "ఇనుము వేస్తే ముదిరింది కాబట్టి, దానితో కలవడానికి థయోసయనేట్ ఇంకా మిగిలే ఉంది. థయోసయనేట్ వేస్తే ముదిరింది కాబట్టి, ఇనుమూ మిగిలే ఉంది. రెండూ మిగిలి ఉండగానే రంగు నిలిచిపోయిందన్నమాట." ఇంత శుభ్రంగా నేను ఎన్నడూ చెప్పలేదు. నోటుపుస్తకంలో ఆ మాటలనే రాసుకున్నాను.

చివరి బెంచీ అబ్బాయి మాత్రం ఇంకా లొంగలేదు. "నీళ్లు పోసినా రంగు పలచబడుతుంది సార్. దానికీ సమతాస్థితే కారణమంటారా?" అన్నాడు. గట్టి ప్రశ్న. నీళ్లు పోస్తే ఏ రంగైనా పలచబడుతుంది. ఇక్కడ అంతకు మించి ఏమైనా జరిగిందా అని తేల్చాలి. దీనికి ఒక ఉపాయం ఉంది. నాళికను పక్క నుంచి కాదు, తెల్ల కాగితం మీద నిలబెట్టి పై నుంచి చూడాలి. ద్రావణం రెట్టింపు ఎత్తుకు పెరిగినా, పై నుంచి చూసే కంటికి అడ్డువచ్చే రంగు కణాలు అన్నే కాబట్టి రంగు మారకూడదు. ముందు ఎర్ర సిరాతో చేశాం. నీళ్లు పోయకముందు, పోశాక, పై నుంచి చూస్తే ఒకటే ఎరుపు. తర్వాత మా ద్రావణంతో చేశాం. పై నుంచి చూసినా పలచబడింది. అంటే ఎర్ర కణాలు కొన్ని విడిపోయాయి. రెండు కణాలు కలిసి ఒకటయ్యే చర్య కాబట్టి, చోటు పెరిగితే విడిపోయే వైపు మొగ్గుతుంది. అబ్బాయి నాళికను మూడుసార్లు పైకి కిందికి చూసి, ఏమీ అనకుండా తన నోటుపుస్తకం తెరిచాడు.

తొమ్మిదో రోజు

కోబాల్ట్ క్లోరైడు వంతు. గాఢ ఆమ్లం పొగలు నాకు పడవు, అందుకని స్పిరిట్‌లో చేశాం. స్పిరిట్‌లో కరిగితే ముదురు నీలం. నీళ్లు చుక్కచుక్కగా వేస్తూ పోతే ఊదా, ఆపై గులాబీ. గులాబీ రాగానే ఆపి, నాళికలకు బిరడాలు బిగించాం. వేడినీళ్లలో పెడితే నీలం, ఐసుముక్కల్లో పెడితే గులాబీ. ఎన్నిసార్లు మార్చినా అలసట లేదు దానికి. స్పిరిట్ ఉంది కాబట్టి దగ్గరలో మంట వెలిగించకూడదు. ఫ్లాస్కులో తెచ్చిన వేడినీళ్లు చాలు. చేతికి తొడుగులు తప్పనిసరి, మిగిలింది సింకులో పోయకూడదు.

ల్యాబ్ అటెండర్ ఇదంతా చూసి నవ్వారు. "ఇది నేను రోజూ చేసేదే కదా సార్" అని తక్కెడ పెట్టెలోంచి సిలికా జెల్ గిన్నె తీసి చూపించారు. నిజమే. తేమ పడితే గులాబీ, ఓవెన్‌లో పెట్టి తీస్తే మళ్లీ నీలం. ఆ గింజల్లో ఉన్నదీ కోబాల్ట్ క్లోరైడే. ఇన్నేళ్లుగా పాఠం పక్క గదిలోనే నడుస్తోంది, నేనే చూడలేదు.

అమ్మాయి మళ్లీ పట్టుకుంది: "వేడి చేస్తే ఇది నీలం వైపు పోయింది. మొన్నటి ఎరుపు మాత్రం వేడికి వెలిసింది. ఎందుకు సార్?" కోబాల్ట్‌లో నీలం వైపు పోవడానికి వేడి కావాలి, ఇనుము, థయోసయనేట్ కలిసేటప్పుడు వేడి బయటికి వస్తుంది. వామనగుంటల పీట తెచ్చి చెప్పాను: గింజలు పోసినా తీసినా నిష్పత్తి 2 మారలేదు. వేడి గింజలు పోయదు, సగం, పావు అనే నియమాలనే మారుస్తుంది. ఒక చేతిని ఎక్కువ, ఇంకో చేతిని తక్కువ తొందరపెడుతుంది. స్థిరాంకం మారేది ఉష్ణోగ్రతతో మాత్రమే.

పదో రోజు

గోలీ సోడాలో శంఖుపూల రసం కలిపి, పెద్ద సిరంజిలో పట్టి, మూతి మూసి పిడి లాగాం. పీడనం తగ్గి బుడగలు ఎగిసిపడ్డాయి. వాయువు పోతే పులుపు తగ్గి, ఊదా రంగు నీలానికి తిరగాలి. తిరిగిందని నేనంటాను, తిరగలేదని పిల్లలంటారు. కళ్లు చికిలించి చూస్తే తప్ప కనబడని మార్పు తరగతిలో పనికిరాదు. బుడగల వరకు ఉంచి, రంగును పెట్టెలోంచి తీసేశాను.

పన్నెండో రోజు

అమోనియా. ఇది చేసి చూపించేది కాదు, గింజలతో ఆడేది. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమోనియా అయితే నాలుగు ఘనపరిమాణాలు రెండవుతాయి, వేడి వస్తుంది. కాబట్టి పీడనం పెంచాలి, ఉష్ణోగ్రత తగ్గించాలి. తగ్గిస్తే చర్య నత్తనడక. ఆ పేచీని ఇనుము ఉత్ప్రేరకంతో, 400 నుంచి 500 డిగ్రీల దగ్గర, వాతావరణ పీడనానికి సుమారు రెండు వందల రెట్ల పీడనంతో రాజీ చేశారు. హేబర్ పద్ధతిలో తొలి కర్మాగారం 1913లో జర్మనీలోని ఒప్పావులో మొదలైంది. వింత ఏమిటంటే, సూత్రం చెప్పిన లీ షాట్లియరే 1901లో ఇదే ప్రయత్నం చేశాడు. వాయువుల్లో గాలి కలిసి పరికరం పేలడంతో వదిలేశాడు.

అయినా ఒక్క విడతలో అమోనియాగా మారేది సుమారు 15 శాతమే. కాకినాడలోనైనా రామగుండంలోనైనా కర్మాగారం దాంతో ఎలా గట్టెక్కుతుంది? అమోనియాను చల్లార్చి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువులను మళ్లీ లోపలికి పంపుతారు. పీట మీద ఆడాం: ప్రతి విడత చివర కుడి గుంటను ఖాళీ చేస్తూ పోతే, ఎడమ గుంటలో 96, 48, 24, 12... చివరికి అడుగంటుతుంది. "ఇది సున్నపు బట్టీయే కదా సార్" అన్నాడు అబ్బాయి. అవును, పైకప్పు తెరిచిన బట్టీ.

పదిహేనో రోజు

తరగతిలో పెట్టె తెరిచాం. పాఠం బాగానే సాగింది. పాత ప్రశ్నే మళ్లీ అడిగితే 'సమానమయ్యాయి' అన్న చేతులు రెండో మూడో లేచాయి. 'ఆగిపోయింది' అన్న చేయి మాత్రం ఒకటి గట్టిగా నిలబడింది. "32, 64 మారడం లేదు కదా సార్. పోయేవి పోతున్నాయి, వచ్చేవి వస్తున్నాయి అని మీరు అంటున్నారు. పీట మీద చేతులు కనబడతాయి. పరీక్షనాళికలో చేతులు ఎక్కడ కనబడతాయి?"

నేను డ్యుటీరియం గురించి చెప్పబోయాను. హైడ్రోజన్ బదులు దానికే బరువైన రూపమైన డ్యుటీరియంతో అమోనియా చర్యను అదే ఉష్ణోగ్రత, అదే పీడనంలో సమతాస్థితికి తెచ్చి, రెండు మిశ్రమాలనూ కలిపితే, అమోనియా మొత్తం మారకపోయినా కాసేపటికి రెండు రకాల పరమాణువులూ కలగలిసిన అమోనియా కనబడుతుందని. ఇంతలో చివరి బెంచీ అబ్బాయి లేచాడు. సున్నపు డబ్బా అడిగాడు. పది గింజలకు సున్నం పూసి ఆరబెట్టి, 32, 64 దగ్గర ఉన్న పీట మీద ఎడమ గుంటలోంచి పది మామూలు గింజలు తీసి, ఈ తెల్లవి పది వేశాడు. బాగా కలిపి, ప్రశ్న అడిగిన పిల్లవాడినే కళ్లు మూసుకుని ఆడమన్నాడు.

అటు 16, ఇటు 16. లెక్కపెడితే 32, 64. ఏమీ జరగనట్టే ఉంది. కుడి గుంటలో నాలుగు తెల్లవి ఉన్నాయి.